ఇంటి లోన్, కారు ఇన్సూరెన్స్: సంతకం పెట్టే ముందు మీ లెక్క మీరే వేసుకోవడం ఎలా?

ఇంటి లోన్ అడగడానికి వెళ్తే ముందు మీ జీతం ఎంతో కనుక్కుంటారు. చెప్పగానే కంప్యూటర్లో ఏదో కొట్టి, "మీకు ఇంతవరకు వస్తుంది" అని ఒక అంకె చెబుతారు. చాలామంది పప్పులో కాలేసేది అక్కడే. అనుకున్నదానికన్నా ఎక్కువే వస్తోంది కదా అని, అప్పటిదాకా చూసిన ఇల్లు వదిలేసి ఇంకో గది ఎక్కువున్న ఇంటి కోసం వెతకడం మొదలుపెడతారు. నా మొదటి లోన్‌కి నేనూ అదే చేశాను. ఆ ఎక్కువ గదిలో ఇప్పుడు పాత అట్టపెట్టెలు ఉన్నాయి.

బ్యాంకు చెప్పిన అంకె తప్పేమీ కాదు. కాకపోతే అది బ్యాంకు లెక్క. మీరు కట్టలేకపోయినా ఇల్లు తాకట్టులో ఉంటుంది కాబట్టి, తన డబ్బు తనకు తిరిగొస్తుందా లేదా అన్నదే దానికి కావాలి. ఉద్యోగం పోయిన నెలలో మీ ఇంట్లో ఏం జరుగుతుందన్నది ఆ లెక్కలోకి రాదు. కారు ఇన్సూరెన్సూ అంతే. ఏజెంటు ప్రీమియం ఎంతో చెబుతాడు గానీ, ప్రమాదం జరిగాక మీ జేబులోంచి ఎంత పోతుందో అడిగితే తప్ప చెప్పడు. కింద ఉన్నవన్నీ మీరు మీ కోసం వేసుకోవాల్సిన లెక్కలు. కాగితం, పెన్ను, ఫోన్లో క్యాలిక్యులేటర్ ఉంటే చాలు. ఏ దేశపు డబ్బుకైనా సరిపోయేలా ఉత్త అంకెలే ఇస్తున్నాను. మీ లోన్ ఎంతయితే అంతకు పెంచుకోండి.

మొదటి అడుగు: చెడ్డ నెల ఎలా ఉంటుందో రాసుకోండి

ఆదాయం, ఖర్చు పట్టిక అందరూ వేస్తారు. దాదాపు అందరూ మంచి నెలకే వేస్తారు. మీరు చెడ్డ నెలకు వేయండి. ఇద్దరు సంపాదిస్తుంటే ఒక్కరి జీతమే వచ్చిందనుకోండి. ఒక్కరే సంపాదిస్తుంటే ఆ నెల జీతమే రాలేదనుకోండి. అప్పుడు ఆపలేని ఖర్చులు ఏవి? తిండి, కరెంటు, పిల్లల ఫీజులు, మందులు, ఉన్న అప్పుల వాయిదాలు. వీటికి రాబోయే ఈఎంఐ కూడా కలపండి. ఆ మొత్తాన్ని ఆరుతో గుణించండి. అంత డబ్బు, ఎప్పుడంటే అప్పుడు తీసుకునేలా, డౌన్ పేమెంట్‌కి సంబంధం లేకుండా విడిగా ఉండాలి. డౌన్ పేమెంట్ కోసం ఈ నిధిని ఊడ్చేసి ఇల్లు కొన్నవాళ్లు మొదటి చిన్న దెబ్బకే క్రెడిట్ కార్డు మీద పడతారు. ఇంటి లోన్ వడ్డీకీ కార్డు వడ్డీకీ నక్కకూ నాకలోకానికీ ఉన్నంత తేడా.

ఈఎంఐ జీతంలో ఎంతవరకు ఉండొచ్చు? చేతికి వచ్చే జీతంలో అన్ని వాయిదాలూ కలిపి మూడో వంతు దాటకూడదన్నది నా మాట. అప్పు ఇచ్చేవాళ్లు ఇంతకన్నా ఎక్కువే ఒప్పుకోవచ్చు. ఒప్పుకున్నారు కదా అని తీసుకోవాల్సిన పని లేదు.

రెండో అడుగు: ఆరు నెలలు ఉత్తుత్తి ఈఎంఐ కట్టండి

ఈ మొత్తంలో ఒకే ఒక్కటి చేస్తానంటే ఇదే చేయమంటాను. రాబోయే ఈఎంఐ ఎంతో అంచనా వేసుకోండి. ఇప్పుడు కడుతున్న అద్దెను అందులోంచి తీసేయండి. మిగిలిన తేడాను ప్రతి నెలా జీతం పడిన రోజునే వేరే ఖాతాలోకి ఆటోమేటిగ్గా వెళ్లేలా పెట్టండి. ఆరు నెలలపాటు ఆ ఖాతా ముట్టుకోవద్దు.

ఈ ఆరు నెలల్లో ఏదో ఒక పెళ్లి వస్తుంది, బండి పాడవుతుంది, ఒకరికి జ్వరం వస్తుంది. అవన్నీ వచ్చినా ఆ ఖాతాలో చెయ్యి పెట్టలేదంటే ఆ ఈఎంఐ మీరు మోయగలరు. మూడో నెలలోనే "ఈ ఒక్కసారికి" అని తీశారంటే, ఇల్లు మరీ పెద్దది చూస్తున్నారన్నమాట. ఇంట్లో గొడవ పడకుండా ఆ సంగతి తేల్చిచెప్పే పద్ధతి నాకు తెలిసి ఇంకోటి లేదు. పైగా ఆ డబ్బెక్కడికీ పోదు, డౌన్ పేమెంట్‌లో కలుస్తుంది.

ఇదే ఆరు నెలల్లో మీ క్రెడిట్ రిపోర్టు, అంటే మీ అప్పులూ వాటిని కట్టిన తీరూ ఉండే కాగితం, తెప్పించుకుని చదవండి. స్కోరు ఒక్కటే చూసి మూసేయకుండా లోపల ఉన్న ప్రతి ఖాతా మీదేనా, ఎప్పుడో కట్టేసిన అప్పు ఇంకా బాకీగానే చూపిస్తోందా చూడండి. తప్పు ఉంటే సరిచేయించడానికి వారాలు పడుతుంది, అందుకే ముందుగా చూడమనడం. కార్డు పరిమితిలో ఎక్కువ భాగం వాడేస్తుంటే తగ్గించండి. ఈ సమయంలో కొత్త కార్డులకు, కారు లోన్‌కి దరఖాస్తు పెట్టొద్దు. ఎవరికైనా హామీ సంతకం పెట్టి ఉంటే అదీ మీ అప్పులాగే లెక్కలోకి రావచ్చని గుర్తుంచుకోండి.

మూడో అడుగు: ధర వేరు, ఖర్చు వేరు

ఇంటి ధరకు రిజిస్ట్రేషన్, పన్నులు, లాయరు ఫీజు, బ్యాంకు ప్రాసెసింగ్ ఫీజు, విలువ కట్టే ఇంజనీరు ఫీజు, సామాను తరలింపు, లైట్లు, కర్టెన్లు, వంటింటి పని కలపండి. వీటిలో చాలావాటికి లోన్ రాదు, చేతి డబ్బే పెట్టాలి. తర్వాత ఏటా ఆస్తి పన్ను, మెయింటెనెన్స్ ఉంటాయి. మరమ్మతుల కోసం ఏటా ఇంటి విలువలో ఒక శాతం పక్కన పెట్టమని ఒక మోటు లెక్క ఉంది. కొత్త ఇంటికి అది ఎక్కువ అనిపిస్తుంది, పైకప్పు కారిన ఏడాది తక్కువ అనిపిస్తుంది.

డౌన్ పేమెంట్ ఎంత ఎక్కువ కడితే అంత మంచిదే, కానీ మొదటి అడుగులో చెప్పిన నిధిని ముట్టుకోనంతవరకే. ఇంటి విలువలో 20 శాతం మీరు పెట్టుకుంటే, ఇళ్ల ధరలు కాస్త పడినా మీ అప్పు ఇంటి విలువను దాటదు. అప్పు విలువను దాటిందంటే ఇల్లు అమ్మినా లోన్ తీరదు. ఉద్యోగం కోసం ఊరు మారాల్సి వచ్చినప్పుడు ఆ చిక్కు ఎలాంటిదో తెలుస్తుంది.

నాలుగో అడుగు: ఈఎంఐ పొట్ట విప్పి చూడండి

ఇక్కడ కాస్త నెమ్మదిగా వెళ్దాం. లోన్ 1,00,000, వడ్డీ ఏడాదికి 8 శాతం, గడువు 20 ఏళ్లు అనుకోండి. ఈఎంఐ 836.44 వస్తుంది. మొదటి నెల వడ్డీ ఎంతో తెలుసుకోవడానికి ఏ వెబ్‌సైటూ అక్కర్లేదు. మిగిలి ఉన్న అసలును వడ్డీ శాతంతో గుణించి 1200తో భాగించండి. 1,00,000 ఇంటూ 8, బై 1200. అంటే 666.67. మీరు కట్టిన 836.44లో అసలుకు జమయ్యింది 169.77 మాత్రమే. రెండో నెల అసలు 99,830.23. దానికి మళ్లీ అదే లెక్క. వడ్డీ ఒక్క రూపాయి పైచిలుకు తగ్గుతుంది, అసలులోకి అంతే ఎక్కువ వెళ్తుంది. ఇలా 240 సార్లు.

ఐదేళ్లు కట్టాక చూస్తే 50,000 పైనే కట్టేసి ఉంటారు. అసలు ఎంత తగ్గింది? సుమారు 12,500. ఇంకా 87,500 బాకీ. పదేళ్లకు, అంటే సగం గడువు అయిపోయాక కూడా, దాదాపు 69,000 మిగిలే ఉంటుంది. మీరు కట్టేదాంట్లో వడ్డీకన్నా అసలు వాటా ఎక్కువయ్యేది 12వ ఏడాదిలో. ఇందులో మోసమేమీ లేదు, బాకీ ఎక్కువున్నప్పుడు వడ్డీ ఎక్కువ, అంతే. కానీ ఈ సంగతి తెలియక ఐదేళ్లకే ఇల్లు అమ్ముతూ "ఇన్నాళ్లు కట్టిందంతా ఏమైంది" అని బ్యాంకులో గొడవ పెట్టుకున్నవాళ్లను చూశాను.

గడువు మార్చి చూడండి. అదే లోన్ 15 ఏళ్లకు అయితే ఈఎంఐ 955.65, మొత్తం వడ్డీ సుమారు 72,000. 20 ఏళ్లకు వడ్డీ లక్ష దాటుతుంది. 30 ఏళ్లకు ఈఎంఐ 733.76కి దిగుతుంది గానీ వడ్డీ 1,64,000కి చేరుతుంది. 20 నుంచి 30కి వెళ్తే నెలకు తగ్గేది 103, దానికి పదేళ్లు ఎక్కువ కట్టాలి. "ఈఎంఐ తక్కువ పడుతుంది" అని ఎవరైనా అంటే, "ఎన్నాళ్లు?" అని అడగండి.

ఇప్పుడు మనం చూస్తున్న ఈ పద్ధతి, నెలనెలా అసలూ వడ్డీ కలిపి కట్టి చివరికి పూర్తిగా తీరిపోవడం, ఎప్పటినుంచో అన్నిచోట్లా ఉన్నది కాదు. అమెరికాలో 1920లలో ఇంటి అప్పులు చాలావరకు కొన్నేళ్ల గడువుకే ఇచ్చేవారు. వడ్డీ కడుతూ వచ్చి, చివర్లో అసలంతా ఒక్కసారే కట్టాలి, లేదా మళ్లీ కొత్త అప్పు చేయాలి. 1930ల మహా మాంద్యంలో, అంటే ఉద్యోగాలు పోయి బ్యాంకులు కుప్పకూలిన రోజుల్లో, కొత్త అప్పు పుట్టక లక్షలమంది ఇళ్లు పోగొట్టుకున్నారు. 1934లో అక్కడి ప్రభుత్వ సంస్థ ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్ వచ్చాకే దీర్ఘకాలం సమానంగా కట్టుకునే పద్ధతి బాగా పాతుకుంది. ఇంటి తాకట్టు అప్పుకు ఇంగ్లిషులో వాడే మార్ట్‌గేజ్ అన్న మాటకు పాత ఫ్రెంచిలో అర్థం "చచ్చిన తాకట్టు". అప్పు తీరితే తాకట్టు చస్తుంది, తీరకపోతే ఆస్తి మీద మీ హక్కు చస్తుంది. పేరు పెట్టినవాళ్లు ఏమీ దాచలేదు.

ఐదో అడుగు: వడ్డీ పెరిగితే ఏమవుతుందో ఇప్పుడే చూసుకోండి

ఫిక్స్‌డ్ అంటే వడ్డీ మారదు. ఫ్లోటింగ్ అంటే బజారు వడ్డీతో పాటు పైకీ కిందికీ కదులుతుంది. ఫిక్స్‌డ్ అన్నారు కదా అని ఊరుకోకుండా ఎన్నేళ్లకు ఫిక్స్‌డో అడగండి. చాలాచోట్ల మొదటి రెండేళ్లో ఐదేళ్లో మాత్రమే ఉంటుంది, ఆ తర్వాత అది ఫ్లోటింగే. అమెరికాలో 2000ల మధ్యలో మొదటి రెండేళ్లు తక్కువ వడ్డీ, ఆ తర్వాత పెంపు ఉండే లోన్లు విచ్చలవిడిగా ఇచ్చారు. వడ్డీ పెరిగేలోపు వేరే లోన్‌కి మారిపోవచ్చనుకున్నారు. ఇళ్ల ధరలు పడిపోవడంతో ఆ దారి మూసుకుపోయింది. 2008 ఆర్థిక సంక్షోభానికి దారితీసినవాటిలో అదొకటి.

ఫ్లోటింగ్‌లో వడ్డీ పెరిగినప్పుడు రెండిట్లో ఒకటి జరుగుతుంది. ఈఎంఐ పెరుగుతుంది, లేదా ఈఎంఐ అలాగే ఉండి గడువు పెరుగుతుంది. రెండోది కనిపించదు, అందుకే ప్రమాదం. మన 1,00,000 లోన్‌నే తీసుకోండి. మొదట్లోనే వడ్డీ 8 నుంచి 9 శాతానికి పెరిగి, ఈఎంఐ 836.44 దగ్గరే ఉంచితే 20 ఏళ్ల లోన్ 25 ఏళ్లు దాటిపోతుంది. 10 శాతానికి పెరిగితే? నెల వడ్డీయే 833.33. అసలుకు జమయ్యేది మూడు చిల్లర. లెక్క కడితే ఆ లోన్ తీరడానికి 56 ఏళ్లు పడుతుంది. అంతదాకా ఏ బ్యాంకూ రానివ్వదు, ఎక్కడో ఒకచోట ఈఎంఐ పెంచేస్తుంది. పెంచితే 965 అవుతుంది.

నాకు ఇది అనుభవమే. ఈఎంఐ ఎప్పటిలాగే కట్ అవుతోంది కదా అని రెండేళ్లు స్టేట్‌మెంట్ తెరవలేదు. ఒకరోజు వేరే పని మీద తెరిస్తే, మిగిలిన నెలల సంఖ్య మొదటి రోజు కంటే ఎక్కువుంది. ముందు ప్రింటింగ్ తప్పేమో అనుకున్నాను. ఈమెయిల్ పంపామన్నారు. పంపారు కూడా, ప్రకటనల మధ్య ఎక్కడో ఉంది. అప్పటినుంచి వడ్డీ మారిన ప్రతిసారీ రెండే ప్రశ్నలు అడుగుతాను: ఈఎంఐ ఎంత, ఇంకా ఎన్ని నెలలు?

ఈ టెన్షన్ వద్దనుకుంటే, వడ్డీ ఇప్పుడున్నదానికన్నా రెండు శాతం ఎక్కువైనా ఈఎంఐ కట్టగలనా అని లోన్ తీసుకునే ముందే చూసుకోండి. పైన చెప్పిన ఉత్తుత్తి ఈఎంఐని ఆ పెరిగిన లెక్క మీదే కట్టి చూడండి.

ఆరో అడుగు: రెండు మూడు చోట్ల అడిగి, కాగితం మీద పోల్చండి

వడ్డీ శాతం ఒక్కటే పోలిస్తే తప్పులో పడతారు. ఒకచోట 8 శాతం వడ్డీ, ఫీజులన్నీ కలిపి 500. ఇంకోచోట 7.9 శాతం, ఫీజులు 2,000. లోన్ 1,00,000, గడువు 20 ఏళ్లు. రెండోది చవక అనిపిస్తుంది. ఈఎంఐలో తేడా నెలకు 6.21. ఎక్కువ కట్టిన ఫీజు 1,500 తిరిగి రావాలంటే 241 నెలలు దాటాలి. లోన్ ఉండేదే 240 నెలలు. వడ్డీ తేడా ఇంకొంచెం పెద్దదయితే ఫలితం తిరగబడుతుంది. అందుకే లెక్క వేసి చూడమనేది.

అడగాల్సినవి: ఫీజులన్నీ కలిపి మొత్తం ఎంత, ముందుగా కడితే జరిమానా ఉందా, వాయిదా ఒక్కరోజు ఆలస్యమైతే ఎంత, వడ్డీ దేనికి ముడిపెట్టారు, ఎన్నాళ్లకోసారి మారుతుంది, లోన్‌తో పాటు అంటగడుతున్న ఇన్సూరెన్స్ తప్పనిసరా. జవాబులు నోటిమాటగా వద్దు, మెయిల్‌లో తీసుకోండి. మెయిల్‌లో రాయడానికి వెనకాడితే మీకు జవాబు దొరికినట్టే.

ఇంటి కాగితాలు బ్యాంకు లాయరు చూస్తాడు కదా అని వదిలేయొద్దు. ఆయన బ్యాంకు కోసం చూస్తాడు. మీ కోసం చూసే లాయరుకు విడిగా ఫీజు ఇవ్వండి. అమ్మేవాళ్ల పేరు మీదే ఆస్తి ఉందా, దాని మీద పాత అప్పు ఉందా, ముందు చేతులు మారిన కాగితాలన్నీ వరసగా ఉన్నాయా, కట్టుబడికి అనుమతి ఉందా అన్నవి ఆయన రాతపూర్వకంగా చెప్పాలి. ఒరిజినల్స్ బ్యాంకుకు అప్పగించే రోజున, ఏ కాగితం ఎన్ని పేజీలో రాసిన జాబితా మీద ముద్ర, సంతకం తీసుకోండి. ప్రతి పేజీ కాపీ ఇంట్లో ఉంచుకోండి. ఆ జాబితా అవసరం చివర్లో వస్తుంది.

ఏడో అడుగు: మొదటి ఏళ్లలోనే కాస్త ఎక్కువ కట్టండి

దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలన్న సామెత ఇంటి లోన్‌కి అతికినట్టు సరిపోతుంది. అదే లోన్‌లో నెలకు 836.44 బదులు పది శాతం ఎక్కువ, అంటే 920 కడితే, 20 ఏళ్ల లోన్ 16 ఏళ్ల 2 నెలల్లో తీరుతుంది. వడ్డీలో 22,000 మిగులుతుంది. అంత కుదరకపోతే ఏడాదికి ఒక్క ఈఎంఐ అదనంగా కట్టినా మూడేళ్లకు పైగా ముందే బయటపడతారు. అదే డబ్బు 15వ ఏడాదిలో కడితే ప్రయోజనం చాలా తక్కువ, ఎందుకంటే అప్పటికే వడ్డీ చాలావరకు కట్టేశారు.

అదనంగా కట్టేటప్పుడు ఒక చిక్కుంది. ఆ డబ్బు అసలుకు జమ చేయమని, గడువు తగ్గించమని రాసి ఇవ్వాలి. రాయకపోతే కొన్నిచోట్ల దాన్ని వచ్చే నెల వాయిదాకి సర్దుతారు, లేదా గడువు అలాగే ఉంచి ఈఎంఐ తగ్గిస్తారు. తర్వాతి నెల స్టేట్‌మెంట్‌లో అసలు ఆ మేరకు తగ్గిందో లేదో చూసుకోండి. కార్డు బాకీలు, పర్సనల్ లోన్లు ఉంటే మాత్రం ముందు అవి తీర్చండి. ఎక్కువ వడ్డీ అప్పు ఉంచుకుని తక్కువ వడ్డీది తీర్చడం లెక్కకు నిలవదు.

ఎనిమిదో అడుగు: ఇంటికి ఇన్సూరెన్స్, ఇంట్లో సంపాదించేవాళ్లకూ ఇన్సూరెన్స్

ఇంటి ఇన్సూరెన్స్ మొత్తం కొన్న ధరకు కాదు, ఇల్లు కూలిపోతే మళ్లీ కట్టడానికి అయ్యే ఖర్చుకు తీసుకోవాలి. స్థలం కాలిపోదు. అలాగని ప్రీమియం తగ్గుతుందని సగానికి తీసుకుంటే దెబ్బతింటారు. మళ్లీ కట్టడానికి 100 అయ్యే ఇంటికి 60కే పాలసీ తీసుకున్నారనుకోండి. వంటింట్లో మంటలు లేచి 20 నష్టం వచ్చింది. 60 దాకా పాలసీ ఉంది కాబట్టి 20 మొత్తం ఇస్తారనుకుంటాం. చాలా పాలసీల్లో సరాసరి నిబంధన ఉంటుంది. వందలో అరవై వంతే బీమా చేశారు కాబట్టి నష్టంలోనూ నూటికి అరవై వంతులే, అంటే 12 ఇస్తారు.

లోన్ కట్టే మనిషికి ఏమన్నా అయితే ఇంట్లోవాళ్ల మీద అప్పు పడకుండా కనీసం బాకీ అంత టర్మ్ ఇన్సూరెన్స్, అంటే గడువులోపు మనిషి పోతే డబ్బిచ్చే బీమా, ఉండాలి. లోన్‌తో కలిపి అమ్మే పాలసీలో బాకీతో పాటు బీమా మొత్తమూ తగ్గుతూ వస్తుంది, డబ్బు ముందు బ్యాంకుకే వెళ్తుంది. విడిగా తీసుకున్న టర్మ్ పాలసీ అయితే డబ్బు ఇంట్లోవాళ్ల చేతికి వస్తుంది, లోన్ మార్చుకున్నా పాలసీ మీతోనే ఉంటుంది. రెండిటి ధరా పక్కపక్కన పెట్టి చూడండి.

తొమ్మిదో అడుగు: కారు ఇన్సూరెన్స్‌లో ఎక్కడ పొదుపు చేయొచ్చు, ఎక్కడ చేయకూడదు

కారు పాలసీలో రెండు వేర్వేరు విషయాలు ఉన్నాయి. మీ కారు వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి ఇచ్చేది థర్డ్ పార్టీ. మీ కారుకు జరిగేదానికీ దొంగతనానికీ కలిపి తీసుకునేది కాంప్రహెన్సివ్. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో 1927లో, బ్రిటన్‌లో 1930 చట్టంతో థర్డ్ పార్టీ తప్పనిసరి అయ్యింది, ఆ తర్వాత చాలా దేశాలు అదే దారి పట్టాయి. ఎందుకంటే కారు పోతే పోయేది కారు ధరే. మనిషికి దెబ్బ తగిలితే కట్టాల్సిన పరిహారానికి పైహద్దు మీ చేతిలో ఉండదు. ఇంటికి ఈఎంఐ కడుతున్నవాళ్లకు ఇది మరీ ముఖ్యం. ఒక్క కోర్టు తీర్పు ఇంటిదాకా రాగలదు. కాబట్టి థర్డ్ పార్టీ హద్దు ఎంచుకునే వీలుంటే పెద్దదే ఎంచుకోండి, పొదుపు వేరేచోట చేద్దాం.

ఆ వేరేచోటు డిడక్టిబుల్. ప్రతి క్లెయిమ్‌లో ముందు మీ జేబులోంచి పెట్టాల్సిన మొత్తం అది. దాన్ని పెంచితే ప్రీమియం తగ్గుతుంది. ఎంతవరకు పెంచాలి? రేపే ప్రమాదం జరిగితే అప్పు చేయకుండా ఇవ్వగలిగినంత. మొదటి అడుగులో దాచిన నిధి ఇక్కడ ప్రీమియం కూడా తగ్గిస్తుంది, చూశారా.

చిన్న గీతలకు క్లెయిమ్ చేయాలా అన్నది ఎప్పుడూ ఉండే సందేహం. ఇలా వేయండి. రిపేరు 4,000. డిడక్టిబుల్ 2,000. కంపెనీ ఇచ్చేది 2,000. క్లెయిమ్ చేయకపోతే వచ్చే ఏడాది 10,000 ప్రీమియం మీద 20 శాతం నో క్లెయిమ్ తగ్గింపు వచ్చేది, అదీ 2,000. అంటే ఒక్క ఏడాదికే సరికి సరి. పైగా ఈ తగ్గింపు ఏటా మెట్టుమెట్టుగా పెరిగే రకమయితే మీరు కింది మెట్టుకు వచ్చేస్తారు. ఇలాంటిది సొంత డబ్బుతో చేయించుకోవడమే మేలు. రిపేరు 40,000 అయితే ఆలోచించక్కర్లేదు, క్లెయిమ్ చేయండి.

బీమా విలువను కావాలని తక్కువ వేయించి ప్రీమియం తగ్గించారంటే, కారు దొంగలెత్తుకెళ్లినా, రిపేరు ఖర్చు మరీ పెరిగి టోటల్ లాస్ అని తేల్చినా వచ్చేది ఆ తక్కువ విలువే. కారు లోన్ మీద ఉంటే ఇంకో చిక్కు. కొత్త కారు విలువ మొదటి ఏడాదిలోనే బాగా పడుతుంది, లోన్ బాకీ అంత వేగంగా తగ్గదు. కారు పోయాక కూడా ఇంకా బాకీ మిగలొచ్చు. డౌన్ పేమెంట్ ఎక్కువ కట్టడం, లేదా ఆ తేడాను భరించే అదనపు కవర్ తీసుకోవడం దీనికి మందు. పాత కారయిపోయాక అలాంటి కవర్లు ఒక్కొక్కటీ తీసేయొచ్చు.

పాలసీలో అందరూ వదిలేసే పేజీ ఏది వర్తించదో చెప్పేది. తాగి నడపడం, లైసెన్సు లేనివాళ్లు నడపడం, సొంతానికని పాలసీ తీసుకుని కిరాయికి తిప్పడం మామూలుగా అందులో ఉంటాయి. ఇంకోటి మా మిత్రుడి విషయంలో చూశాను. రాత్రంతా సెల్లార్‌లో నీళ్లలో నిలబడ్డ కారును పొద్దున్నే స్టార్ట్ చేశాడు. గాలి వెళ్లాల్సిన దారిలో నీళ్లు ఇంజిన్‌లోకి వెళ్లాయి. గాలిని నొక్కితే నలుగుతుంది, నీళ్లు నలగవు. లోపల రాడ్లు వంగిపోయాయి. సీట్లు, కార్పెట్లు తడిసినందుకు కంపెనీ డబ్బిచ్చింది. ఇంజిన్‌కి ఇవ్వలేదు, అది నీళ్లొచ్చాక మీరు తాళం తిప్పడం వల్ల జరిగిందన్నారు. పాలసీలో ఆ మాట ఉంది కూడా. నీళ్లలో మునిగిన కారును స్టార్ట్ చేయకుండా ఫోటోలు తీసి, కంపెనీకి ఫోన్ చేసి, లాగించుకెళ్లండి.

ప్రమాదం జరిగితే ముందు మనుషుల్ని చూడండి, తర్వాత పోలీసులకు, కంపెనీకి వెంటనే చెప్పండి. కార్లు కదపకముందే నాలుగు వైపుల నుంచీ, నంబరు ప్లేట్లు, రోడ్డు కనబడేలా ఫోటోలు తీయండి. నష్టం అంచనా వేయడానికి కంపెనీ పంపే సర్వేయర్ చూడకముందు రిపేరు మొదలుపెట్టొద్దు. రెన్యువల్ తేదీకి నెల ముందే ఫోన్లో అలారం పెట్టుకోండి. పాలసీ ఒక్కరోజు ఆగినా, ఆ రోజు జరిగిన ప్రమాదం మొత్తం మీదే.

చివరి అడుగు: లోన్ తీరిన రోజు

ఆఖరి ఈఎంఐ కట్ అయ్యిందని మెసేజ్ రాగానే పని అయిపోయిందనుకుంటాం. ఇంకా ఉంది. బాకీ ఏమీ లేదని సర్టిఫికెట్ తీసుకోండి. రిజిస్ట్రేషన్ రికార్డుల్లో తాకట్టు నమోదై ఉంటే దాన్ని రద్దు చేయించండి. ఇంటి పాలసీలో, కారు లోన్ తీరితే కారు పాలసీలోనూ రిజిస్ట్రేషన్ కాగితంలోనూ, అప్పు ఇచ్చినవాళ్ల పేరు తీయించండి. లేకపోతే రేపు క్లెయిమ్ డబ్బు వాళ్ల పేరు మీదకు వెళ్లి, మీరు వాళ్ల చుట్టూ తిరగాలి. రెండు నెలలాగి క్రెడిట్ రిపోర్టులో ఆ ఖాతా మూసేసినట్టు చూపిస్తోందో లేదో చూడండి.

ఒరిజినల్ కాగితాలు తెచ్చుకోవడానికి వెళ్లేటప్పుడు, లోన్ తీసుకున్న రోజు ముద్ర వేయించుకున్న జాబితా పట్టుకెళ్లండి. కౌంటరు దగ్గరే కూర్చుని ఒక్కో కాగితం పేజీలు లెక్కపెట్టి, జాబితాలో టిక్ పెట్టుకోండి. వెనక క్యూలో వాళ్లు విసుక్కున్నా ఫరవాలేదు. పూర్తయ్యాకే "ముట్టినవి" అని సంతకం పెట్టండి.